చోటు తప్పిన పదేళ్లు

(స్మారకోపన్యాస పాఠం)



స్మారకోపన్యాసం జ్ఞాపకానికి సంబంధించిన పని. పోయినవారిని తలుచుకోవడం అందులో సగం. ఒక సమాజం దేన్ని గుర్తు పెట్టుకుంటోంది, దేన్ని మరిచిపోతోంది, జరగనిదాన్ని జరిగినట్టు ఎలా గుర్తు తెచ్చుకుంటోంది అని అడగడం మిగతా సగం. ఈ సాయంత్రం ఆ మిగతా సగానికే పరిమితమవుతాను. అందుకోసం ఒక్క వాక్యాన్ని ఎంచుకున్నాను: రాజ్యాంగంలో రిజర్వేషన్లు పదేళ్లకే పెట్టారు, నాయకులు ఓట్ల కోసం పొడిగించుకుంటూ పోతున్నారు. ఈ మాట వినని తెలుగువాడు అరుదు. టీ కొట్టు దగ్గర, రైలు పెట్టెలో, కాలేజీ క్యాంటీన్‌లో, టీవీ చర్చలో ఇది వినిపిస్తూనే ఉంటుంది. చెప్పేవారు దీన్ని వాదనగా చెప్పరు, అందరికీ తెలిసిన సంగతిగా చెబుతారు. చాలాసార్లు దీనికో తోక కూడా తగిలిస్తారు, అంబేడ్కరే స్వయంగా పదేళ్లు చాలన్నాడని. విశేషమేమిటంటే రిజర్వేషన్లను సమర్థించేవాళ్లు కూడా దీన్ని కాదనరు. పదేళ్లలో సమానత్వం వచ్చేసిందా అని ఎదురు ప్రశ్న వేస్తారు. అంటే మాటను ఒప్పేసుకున్నాకే కొట్లాటకు దిగుతారు. ఇరుపక్షాలూ ఒప్పుకున్నదాన్ని తిరగేసి చూసే పని ఇక ఎవరికీ ఉండదు.

రాజ్యాంగంలో పదేళ్లన్న మాట ఉంది. 334వ అధికరణలో ఉంది. లోక్‌సభలో, రాష్ట్రాల శాసనసభల్లో షెడ్యూల్డు కులాలకు, తెగలకు సీట్లు కేటాయించేవి 330, 332 అధికరణలు. ఆ కేటాయింపు, దానితోపాటు ఆంగ్లో ఇండియన్లను చట్టసభలకు నామినేట్ చేసే ఏర్పాటు, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేళ్లకు ఆగిపోవాలని 334 చెప్పింది. 1959లో 8వ సవరణ ఆ పదిని ఇరవై చేసింది. ఆ తర్వాత 1969లో, 1980లో, 1989లో, 1999లో, 2009లో, 2019లో ఒక్కో పది చొప్పున కలుపుతూ వచ్చారు. చివరిదైన 104వ సవరణలో ఆంగ్లో ఇండియన్ల నామినేషన్‌ను వదిలేశారు. అది 2020 జనవరిలో ముగిసింది. మిగిలిన గడువు 2030 జనవరి దాకా ఉంది. ఈ గడువు వర్తించేది లోక్‌సభలోని 543 స్థానాల్లో 84 ఎస్సీ, 47 ఎస్టీ స్థానాలకు. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29 ఎస్సీ, 7 ఎస్టీ స్థానాలకు, తెలంగాణలో 19 ఎస్సీ, 12 ఎస్టీ స్థానాలకు. పంచాయతీల్లో, పురపాలక సంఘాల్లో ఎస్సీ, ఎస్టీ కేటాయింపులను కూడా 73, 74 సవరణలు ఇదే గడువుకు ముడివేశాయి. అక్కడితో సరి. చదువుల్లో ప్రత్యేక ఏర్పాట్లకు ఆధారమైన 15(4)లో గానీ, ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు ఆధారమైన 16(4)లో గానీ పది, ఇరవై, వంద అన్న అంకె ఏదీ కనిపించదు. అమలాపురం పార్లమెంటు సీటు రిజర్వేషన్‌కు గడువుంది. అమలాపురం కుర్రాడి ఇంజనీరింగ్ సీటుకు లేదు.

రాయడం మరిచిపోయారేమో, ఆలోచన తట్టలేదేమో అనుకోవడానికీ వీల్లేదు. ఉద్యోగాల సంగతి రాజ్యాంగ సభ ముందుకు 1948 నవంబరు 30న వచ్చింది. అప్పుడది ముసాయిదాలో 10వ అధికరణ. సభ్యుల్లో పేరున్న ఉదారవాది హృదయనాథ్ కుంజ్రూ సరిగ్గా మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న సవరణే ప్రతిపాదించారు. ఉద్యోగ రిజర్వేషన్లకు వీలు కల్పించే నిబంధన రాజ్యాంగం అమల్లోకి వచ్చిన మొదటి పదేళ్లకే ఉండాలన్నారు. సభ దాన్ని అంగీకరించలేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మన వాక్యం సగం కూలిపోతుంది. పదేళ్లన్న ప్రతిపాదన వచ్చింది, చర్చ జరిగింది, అది వీగిపోయింది. వీగిపోయిన సవరణ డెబ్బై అయిదేళ్లుగా జనం నోట చట్టంగా బతుకుతోంది. తేదీకి బదులు సభ అందులో ఒక షరతు పెట్టింది. ప్రభుత్వ సర్వీసుల్లో తగినంత ప్రాతినిధ్యం లేని వెనుకబడిన తరగతికి రిజర్వేషన్ ఇవ్వవచ్చు. తగినంత ఉందా లేదా అన్నది చూసుకోవలసింది ప్రభుత్వం.

గడువు పెట్టదలిస్తే ఆ సభకు రాయడం వచ్చు. ఉద్యోగాల్లో గడువున్న రిజర్వేషన్ ఒకటి రాజ్యాంగంలో నిజంగానే ఉంది, కాకపోతే దళితులకు కాదు. 336వ అధికరణ రైల్వే, కస్టమ్స్, తంతి తపాలా శాఖల్లో ఆంగ్లో ఇండియన్లకు బ్రిటిషు కాలం నుంచి వస్తున్న నియామకాలను మొదటి రెండేళ్లు యథాతథంగా ఉంచి, ప్రతి రెండేళ్లకూ పది శాతం చొప్పున తగ్గిస్తూ, పదేళ్లకు పూర్తిగా ఆపేయాలంది. అలాగే ఆగిపోయింది. ఎవరూ పొడిగించలేదు, ఎవరూ ఉద్యమించలేదు, ఎవరికీ గుర్తు కూడా లేదు. మొన్న 2023లో మహిళా రిజర్వేషన్ల కోసం 106వ సవరణ చేసినప్పుడు కూడా పదిహేనేళ్ల గడువును 334ఎ అధికరణగా విడిగా రాశారు. గడువు కావాలనుకున్న ప్రతిచోటా అది అక్షరాల్లో ఉంది.

ఇక చదువుల సంగతి మరీ విచిత్రం. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950 జనవరి 26న 15(4) అనే నిబంధనే లేదు. మద్రాసు రాష్ట్రంలో కాలేజీ సీట్లను కులాలవారీగా పంచే కమ్యూనల్ జీవో అమల్లో ఉండేది. పానగల్ రాజా నాయకత్వంలో జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1921లో ఉద్యోగాల కోసం మొదలుపెట్టిన పద్ధతి చదువులకూ పాకి, స్వాతంత్ర్యం నాటికి ప్రతి పద్నాలుగు సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు ఆరు, వెనుకబడిన హిందువులకు రెండు, బ్రాహ్మణులకు రెండు, హరిజనులకు రెండు, ముస్లింలకు ఒకటి, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి ఒకటి అన్న లెక్కకు చేరింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే, కాబట్టి మన తాతలు చదివింది ఈ లెక్క కిందే. చంపకం దొరైరాజన్ కేసులో 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దానికి జవాబుగా అదే ఏడాది జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ 15(4)ను తెచ్చింది. 1950లో లేని నిబంధనకు 1950లో రాసిన గడువు ఎలా వర్తిస్తుంది? ఇంకా పుట్టని బిడ్డకు జాతకంలో మరణం రాసినట్టుంటుంది. రిజర్వేషన్లు రాజ్యాంగంతోనే మొదలయ్యాయన్న ఊహ కూడా ఈ పొరపాటుకు తోడవుతుంది. కొల్హాపూర్‌లో సాహూ మహారాజు సగం ఉద్యోగాలను వెనుకబడిన వర్గాలకు కేటాయించింది 1902లో.

అంబేడ్కర్ మాటకొద్దాం. 334గా మారిన ముసాయిదా నిబంధన 1949 ఆగస్టులో చర్చకు వచ్చినప్పుడు ఆయన చెప్పింది ఇప్పుడు ఆయన నోట్లో పెడుతున్నదానికి దాదాపు తలకిందులు. తానైతే ఇంకా ఎక్కువ కాలం అడగడానికి సిద్ధంగా ఉన్నానన్నారు. ఇతర మైనారిటీలకు ప్రాతినిధ్యం ఎన్నడో దొరికిందనీ, షెడ్యూల్డు కులాలకు ఆచరణలో అది 1937 నుంచే మొదలైందనీ గుర్తు చేశారు. సభ అప్పటికే ఒక అంగీకారానికి వచ్చింది కాబట్టి దాన్ని తిరగదోడనన్నారు. అవసరమైతే పొడిగించుకునే దారి తర్వాతివారికి ఉంటుందన్నదే ఆయన ధోరణి. మద్రాసు రాష్ట్రం నుంచి సభలో ఉన్న మన తెలుగువాడు ఎస్. నాగప్ప ఇంకా సూటిగా మాట్లాడారు. ప్రతి హరిజన కుటుంబానికి భూమి, పిల్లలకు విశ్వవిద్యాలయం దాకా ఉచితంగా చదువు, ఉన్నత ఉద్యోగాల్లో వాటా ఇచ్చెయ్యండి, రిజర్వేషన్‌ను ఇవాళే వదులుకుంటామన్నారు. ఆయన చూసింది తేదీని కాదు, చేతికి ఏమొస్తుందన్నదాన్ని. అంబేడ్కర్ పేరుతో చెలామణీ అవుతున్న మాటకు ఒక మూలం వెతకాలంటే 1955కు పోవాలి. ఆయన పార్టీ షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ కార్యవర్గం ఆ ఏడాది రిజర్వుడు సీట్లు ఎత్తేయమని తీర్మానించింది. ఏ సీట్లు? చట్టసభల సీట్లు. ఎందుకు? పూనా ఒప్పందం నాటి నుంచి ఆయనకున్న ఫిర్యాదు వల్ల. రిజర్వుడు సీటులో గెలిచే దళితుడు దళితేతరుల ఓట్లతో గెలుస్తాడు కాబట్టి వారి మనిషిగానే మిగిలిపోతాడన్నది ఆ ఫిర్యాదు. ఉద్యోగాలకూ చదువులకూ ఆ తీర్మానంతో పనిలేదు. ఆయన 1956 డిసెంబరులో పోయారు. మొదటి గడువు తీరే నాటికి ఆయన లేరు.

ఆధారాలు ఇంత తేటగా ఉన్నాయి. అయినా వాక్యం చెక్కు చెదరలేదు. ఈ ఉపన్యాసానికి నిజమైన ప్రశ్న ఇదే. మేకను భుజాన వేసుకుని పోతున్న బ్రాహ్మడికి మోసగాళ్లు ముగ్గురు మూడు చోట్ల ఎదురై అది కుక్కని చెప్పిన కథ మనకు చిన్నప్పటిది. ఆ మోసగాళ్లకు తెలిసిన కిటుకు ఉంది. ఒక్కడే మూడుసార్లు చెబితే బ్రాహ్మడు నమ్మడు. ఒకరికొకరు ఏమీ కానట్టు ముగ్గురు, దారిలో ఎడంగా చెప్పాలి. 1977లో అమెరికాలో హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో అనే మనస్తత్వ పరిశోధకులు కళాశాల విద్యార్థుల ముందు కొన్ని వాక్యాలను వారాల ఎడంతో మళ్లీ మళ్లీ పెట్టి, ఎంత నిజమనిపిస్తోందో అడిగారు. నిజమైనవైనా, అబద్ధాలైనా, మళ్లీ విన్న వాక్యాలు మొదటిసారి విన్నవాటికంటే నమ్మదగ్గవిగా తోచాయి. చెవికి అలవాటైనదాన్ని మనసు నిజమని లెక్కగడుతుంది. మన సంగతిలో ఇంకో మెలిక కూడా ఉంది. కుక్క నిజంగానే ఉంది, కాకపోతే పక్క వీధిలో. పదేళ్లన్న మాట రాజ్యాంగంలో దొరుకుతుంది, వెతికినవాడికి 334 కనిపిస్తుంది. అందుకే ఇది వట్టి అబద్ధం కంటే గట్టిది. నిప్పు లేనిదే పొగ రాదనే సామెత ఇలాంటి చోట మనల్ని మోసం చేస్తుంది. నిప్పు ఉంది, మన పొయ్యిలో మాత్రం కాదు.

చోటు మారడానికి మన భాష కూడా సాయపడింది. 334 మాట్లాడేది సీట్ల గురించి. తెలుగులో సీటంటే ఏమిటి? ఎమ్మెల్యే సీటు, ఎంపీ సీటు, మెడికల్ సీటు, ఇంజనీరింగ్ సీటు, చివరికి బస్సులో కిటికీ పక్క సీటు. సీట్ల రిజర్వేషన్ పదేళ్లు పొడిగించారని విన్న తండ్రికి ముందుగా గుర్తొచ్చేది కౌన్సెలింగ్ హాలు. చుట్టుపక్కల వెయ్యి ఇళ్లలో ఒక్క ఇంటికైనా ఎమ్మెల్యే సీటుతో పని పడదు, కాలేజీ సీటుతో ప్రతి ఇంటికీ పని ఉంది. రిజర్వేషన్ అన్న మాటా అంతే. శాసనసభలో ప్రాతినిధ్యం, విద్యాలయంలో ప్రవేశం, ఉద్యోగంలో నియామకం అనే మూడు వేర్వేరు ఏర్పాట్లకు ఒకే పేరు. పైగా 334 గడువు దశాబ్దానికోసారి తీరుతుంది కాబట్టి దశాబ్దానికోసారి పార్లమెంటుకు వస్తుంది, పత్రికల మొదటి పేజీకెక్కుతుంది. శీర్షికలో చోటు తక్కువ. చట్టసభల్లో అన్న మాట పోయి, రిజర్వేషన్లు మరో పదేళ్లు అన్నంతే మిగులుతుంది. ఒక అపోహను ఏడుసార్లు, సరిగ్గా ఒక తరం మరిచిపోబోయే వేళకు, దేశమంతటా గుర్తు చేసే ఏర్పాటు ఇంత కచ్చితంగా మరెక్కడా లేదు. 1989 డిసెంబరులో 62వ సవరణ చట్టసభల గడువును పొడిగించింది. ఎనిమిది నెలలు తిరక్కుండా, 1990 ఆగస్టు 7న, వి.పి. సింగ్ మండల్ కమిషన్ సిఫారసుల అమలు ప్రకటించారు. ఒకటి శాసనసభల సంగతి, రెండోది కేంద్ర ఉద్యోగాల సంగతి. వీధుల్లోకి వచ్చిన కుర్రాళ్లకు ఆ రెండూ ఒకే కథలో రెండు అధ్యాయాలుగా వినిపించి ఉంటే వారిని తప్పుపట్టడం కష్టం.

తప్పుపట్టవలసింది రాజకీయులను, అదీ ఒక్క పక్షాన్ని కాదు. రిజర్వేషన్లు గిట్టనివారు పదేళ్లన్నది చెబుతారు, అది ఊహించదగ్గదే. కానీ ఈ నమ్మకానికి ఎక్కువ నీళ్లు పోసింది మేమే కాపాడామని చెప్పుకునేవారు. చట్టసభల గడువు పొడిగింపు ఎవరికీ ఖర్చు లేని పని. 2019లో ఉభయ సభల్లోనూ ఒక్క ఓటైనా ఎదురు పడలేదు. అలాంటి తంతును రిజర్వేషన్లన్నిటికీ మళ్లీ ప్రాణం పోసిన ఘనకార్యంగా సభల్లో చెప్పుకుంటే, మేము లేకపోతే మీ పిల్లల సీట్లు పోయేవని వినేవారికి ధ్వనిస్తుంది. ఎదుటి పార్టీ వస్తే రిజర్వేషన్లు తీసేస్తుందన్న భయమూ ఇదే పునాది మీద నిలుస్తుంది. 15(4), 16(4) ఏ తేదీకీ ముగియవనీ, వాటిని కాపాడటానికి పదేళ్లకోసారి ఎవరి దయా అక్కరలేదనీ చెబితే ఆ భయం సగం పడిపోతుంది, ఘనకార్యం కూడా సగం పడిపోతుంది. అందుకే చెప్పరు. వ్యతిరేకించేవాడికి ఈ వాక్యం మాట తప్పారన్న ఆరోపణ, సమర్థించేవాడికి మాట నిలబెట్టుకున్నామన్న గొప్ప. ఇద్దరికీ లాభసాటి సరుకు కాబట్టి ఏ అంగట్లోనూ నిండుకోదు.

ఇంత చిన్న సాంకేతిక పొరపాటుకు ఇంత ఉపన్యాసమా అని కొందరికి అనిపించవచ్చు. అధికరణ సంఖ్య తారుమారైనంత మాత్రాన కొంప మునగదు నిజమే. కానీ ఈ పొరపాటు చర్చ స్వరూపాన్నే మార్చేస్తుంది. షరతు మీద నడవవలసిన చర్చను తేదీ మీదికి తోస్తుంది. షరతైతే అడగవలసినవి చాలా ఉన్నాయి. ఏ సర్వీసులో ఎవరెంతమంది, ఏ స్థాయిలో, భర్తీ కాని ఖాళీలెన్ని, ఊళ్లో మంచినీళ్ల దగ్గర ఇప్పటికీ ఏం జరుగుతోంది? 2011-12లో దేశవ్యాప్తంగా 42 వేలకు పైగా కుటుంబాలతో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో దాదాపు 27 శాతం కుటుంబాలు తమ ఇంట్లో అంటరానితనం ఏదో రూపంలో పాటిస్తామని తామే ఒప్పుకున్నాయి. ఒప్పుకోనివారి లెక్క ఎవరి దగ్గరా లేదు. తేదీ అయితే ఇవేవీ అక్కరలేదు, గోడ మీది క్యాలెండరు చాలు. గడువు భాషలోకి దిగగానే హక్కు కౌలుగా మారుతుంది. కౌలు గడువు తీరినా పొలం వదలనివాడిని ఊరు చూసే చూపు మనకు తెలుసు. కాలేజీలో మొదటి రోజు అడుగుపెట్టిన పద్దెనిమిదేళ్ల దళిత విద్యార్థి, తాను పుట్టకముందే గడువు తీరిన పొలంలో దున్నుకుంటున్నవాడిలా తోటివారికి కనిపిస్తాడు. కొన్నాళ్లకు తనకు తానే అలా కనిపించవచ్చు. ఆ నష్టాన్ని అధికరణ సంఖ్య సవరించి పూడ్చలేం.

షరతు మీద చర్చ ఎలా ఉంటుందో చూడటానికి దూరం పోనక్కరలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అడిగింది సరిగ్గా ఆ ప్రశ్నే. ఎస్సీలకిచ్చే పదిహేను శాతంలో ఎవరికెంత అందింది? జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ కులాలవారీగా లెక్కలు తీసింది. ఎస్సీలను ఎ, బి, సి, డి వర్గాలుగా చేసి ఒకటి, ఏడు, ఆరు, ఒకటి శాతాల చొప్పున పంచారు. 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, దవీందర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరు, ఒకటి తేడాతో ఆ వైఖరిని తిరగరాసింది. 2025లో తెలంగాణ మూడు గ్రూపులకు 1, 9, 5 శాతాల చొప్పున, ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5 శాతాల చొప్పున వర్గీకరణ తెచ్చాయి. ఈ వర్గీకరణ మంచిదా చెడ్డదా అన్నదానిపై మాలలకూ మాదిగలకూ మధ్య, న్యాయనిపుణుల్లోనూ తీవ్రమైన భేదాలున్నాయి. ఆ తగువు తీర్చడం ఇక్కడ నా పని కాదు. గమనించవలసింది ఒక్కటే. ముప్పై ఏళ్ల ఆ పోరాటంలో ఏ పక్షమూ క్యాలెండరు పట్టుకుని రాలేదు. జనాభా లెక్క, నియామకాల లెక్క, చదువుల లెక్క పట్టుకుని వచ్చారు. తగినంత అన్న పదాన్ని 16(4)లో రాసినవారు ఊహించిన చర్చకు, వారికి తెలియకుండానే, దగ్గరగా వెళ్లిన ఉద్యమం మన తెలుగు నేల మీదిదే.

నాకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. అక్షరం సరే, ఆత్మ మాటేమిటి? రాజ్యాంగ నిర్మాతలు రిజర్వేషన్లను శాశ్వతం చేయాలనుకోలేదు కదా? అనుకోలేదు, నిజమే. సుప్రీంకోర్టులోనూ ఈ ఆలోచన చాలాసార్లు పలికింది. 1985లో వసంత్ కుమార్ కేసులో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు మరో పదిహేనేళ్లకు మించకుండా కొనసాగవచ్చన్నారు. 2022 నవంబరులో ఆర్థికంగా బలహీన వర్గాల కోటా తీర్పులో ఇద్దరు న్యాయమూర్తులు రిజర్వేషన్లకు ఒక ముగింపు ఉండాలన్నారు. ఇవి గౌరవించవలసిన అభిప్రాయాలే, వాటితో ఎవరైనా ఏకీభవించవచ్చు. కానీ ముగింపు ఉండాలనడం వేరు, ముగింపు రాశారనడం వేరు. మొదటిది వాదన. దానికి కారణాలు చెప్పాలి, లెక్కలు చూపాలి, ఎదుటివాడి జవాబు వినాలి. రెండోది వాస్తవమని చెప్పుకునే మాట, కాబట్టి పుస్తకం తెరిచి చూస్తే తేలిపోవాలి. వాదన చేయవలసిన శ్రమను తప్పించుకోవడానికి రెండోదాన్ని అడ్డం పెట్టుకుంటున్నారు. ఒక చిన్న పరీక్ష ఉంది. 2019 జనవరిలో 103వ సవరణ అగ్రవర్ణ పేదలకు పది శాతం రిజర్వేషన్ ఇచ్చింది. దానికీ ఏ గడువూ లేదు. అది పదేళ్లకేనా, పాతికేళ్లకా అని ఏ టీ కొట్టు దగ్గరైనా చర్చ జరగగా మీరు విన్నారా? గడువు మీద అంత పట్టింపే ఉంటే ఆ ప్రశ్న అక్కడ కూడా పుట్టి ఉండేది.

అటువైపు నుంచి కూడా నన్ను మందలించేవారున్నారు. తేదీ వదిలి షరతు గురించి మాట్లాడితే, రేపు ఎవరో ఒకరు లెక్కలు తెచ్చి ఫలానా కులానికి ప్రాతినిధ్యం చాలు, ఇక తీసేయండి అంటారు కదా, ఎందుకీ తలుపు తెరవడం అని. తలుపు నేను తెరుస్తున్నది కాదు, 16(4) పుట్టుకతోనే తెరిచి ఉంది. లెక్కలు అడిగే హక్కు రెండు వైపులా ఉంటుంది. అర్హత లేకుండా లబ్ధి పొందినవారిని ఆ లెక్క బయటపెడితే పెట్టనివ్వాలి, డెబ్బై అయిదేళ్లుగా ఒక్క గుమాస్తా ఉద్యోగమైనా దక్కని కులాలను అదే లెక్క బయటపెడుతుంది. అపోహ మీద నిలబడ్డ సమర్థన అపోహ కూలిన రోజున కూలిపోతుంది. ఆ మాటకొస్తే నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగాల విషయంలో గడువన్నది ఎన్నడూ ఎదురుకాలేదనడం సరికాదు. 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు పదోన్నతుల్లో రిజర్వేషన్లు చెల్లవంటూ, అప్పటికే ఉన్నవి అయిదేళ్ల పాటు సాగవచ్చంది. పార్లమెంటు 1995లో 77వ సవరణతో వాటిని నిలబెట్టింది. అంటే గడువు వచ్చినప్పుడు అది న్యాయస్థానం నుంచి వచ్చింది, అదీ పదోన్నతులకు, అదీ అయిదేళ్లు. ఆ అయిదేళ్లను ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

గుర్తు పెట్టుకోనివాటిలో అన్నిటికంటే పెద్దది ఇంకొకటుంది. 1950 నాటి రాజ్యాంగంలో మరో పదేళ్లు రాసి ఉంది. 45వ అధికరణ. పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచితంగా, నిర్బంధంగా చదువు చెప్పించడానికి రాజ్యం పదేళ్లలోగా ప్రయత్నించాలి. ఆదేశిక సూత్రాలన్నిటిలోకీ గడువు పెట్టింది దీనికే. ఆ గడువు 1960లో తీరింది. 1970 కూడా తీరింది, 1980, 1990 తీరాయి. పొడిగించమని ఎవరూ బిల్లు తేలేదు, మొదటి పేజీలో శీర్షికా రాలేదు, ఎన్నికల సభలో ఎవరూ నిలదీయలేదు. 2002లో 86వ సవరణ 21ఎ అధికరణగా చదువును హక్కు చేసింది. దాన్ని అమలు చేసే చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అంటే ఆ పదేళ్ల మాట మీద యాభై ఏళ్ల ఆలస్యం. రిజర్వేషన్లకు లేని గడువును తరతరాలుగా కంఠస్థం చేసిన జనం, బడికి ఉన్న గడువును ఒక్కరోజైనా తలుచుకోలేదు. కారణం పెద్ద మర్మమేమీ కాదు. ఆ రెండో మాటను తిరిగి తిరిగి చెప్పడంలో ఏ పార్టీకీ లాభం లేదు. జనజ్ఞాపకాన్ని దానంతట అదే పెరిగే అడవి అనుకుంటాం గానీ, చాలామేరకు అది ఎవరో విత్తనం వేసి నీరు పెడుతున్న చేను. నీరు పెట్టని మడి ఎండిపోతుంది.

334వ అధికరణ గడువు మళ్లీ 2030 జనవరి 25న తీరుతుంది. అంటే 2029 ముగిసేలోగా బిల్లు పార్లమెంటుకు రావాలి. ఇదివరకటి ఏడు సార్లను బట్టి చూస్తే పెద్దగా ఎదురులేకుండానే గట్టెక్కవచ్చు. ఉభయ సభల్లో ప్రసంగాలుంటాయి, రాత్రికి టీవీల్లో చర్చలుంటాయి, మర్నాడు తెలుగు పత్రికల మొదటి పేజీలో రెండు వరుసల శీర్షిక ఉంటుంది. అందులో చట్టసభల్లో అన్న మాట పట్టడానికి కావలసింది అయిదు అక్షరాల చోటు.